హిందూపురంలో బాబ్ అంటే రత్నక్క

పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం పెనుకొండ బస్టాండులో హిందూపురం బస్సు కోసం నిలబడి ఉండగా మేరీ ఫోన్ చేసింది. మేరీ రత్నక్క దగ్గర పని నేర్చుకుని, ఆమె పార్లర్‌లోనే పనిచేస్తున్న అమ్మాయి. ఎప్పుడు ఫోన్ చేసినా "మేడం, కొనలు భుజాల మీదికి వచ్చింటాయంట, శనివారం రావల్నంట" అని అక్క ఆజ్ఞను ఒక్క ఊపున చెప్పేసేది. ఆ రోజు ఆ ఊపు లేదు. "అక్క పోయింది మేడం. పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే" అన్నది. వార్త వినగానే దాన్ని ఇంకో ఇద్దరిని అడిగి నిర్ధారించుకోవడం పత్రికలో పనిచేసినన్నాళ్లూ నా అలవాటు. ఆ పూట ఎవరినీ అడగబుద్ధి కాలేదు. ఎవరో ఒకరు అది నిజమేనని చెబుతారని భయం వేసింది. వచ్చిన బస్సు వెళ్లిపోయాక గానీ అది నేను ఎక్కవలసిన బస్సని తెలియలేదు.

నాగరత్నమ్మ అని అడిగితే హిందూపురంలో దారి చూపించేవాళ్లు తక్కువ. రత్నక్క అని అడిగితే కూరగాయల బండి దగ్గరి ఆమె కూడా వేలెత్తి చూపించేది. మా పత్రికా కార్యాలయం మేడ మీద, ఆమె పార్లర్ కింద. ఆ మెట్లు ఎక్కి దిగిన ఏళ్లన్నింటా ఆమె తలుపు ముందు నుంచే నడిచాను. తొలి ఏడాది తలుపు దగ్గర నిలబడి మాట్లాడాను, తర్వాత లోపల కుర్చీలో కూర్చున్నాను. అప్పటి నుంచి నా తల మీద ఇంకొకరి కత్తెర పడలేదు. కనుబొమలు, ఫేషియల్, పెళ్లికూతురి అలంకారం అన్ని పార్లర్లలాగే అక్కడా జరిగేవి. ఆమెకు పేరు తెచ్చింది మాత్రం ఒక్క కోత. దవడకు కిందగా, భుజాలకు పైగా ఆగే బాబ్.

ఆమె పుట్టింది పెనుకొండలో, కోట కింది వీధిలో, తరతరాలుగా క్షౌరవృత్తి చేసే ఇంట్లో. తండ్రి మగవాళ్లకు గడ్డాలు గీసేవాడు, పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీసేవాడు, పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు. ఆడపిల్లలు కత్తెర పట్టుకునే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. పెళ్లయి ధర్మవరం వెళ్లాక, అక్కడ సెలూన్ నడిపే భర్త రామాంజనేయులు దగ్గర తొలిపాఠాలు నేర్చుకుంది. తర్వాత బెంగళూరులో ఒక పార్లర్‌లో కొన్నేళ్లు పనిచేసి, చివరికి హిందూపురంలో సొంతంగా పెట్టుకుంది. పార్లర్ తెరిచిన రోజు తండ్రి వచ్చి గడప దాటకుండా నిలబడి, "మగోళ్ల తల పాడైతే వారానికి సర్దుకుంటాది మేయ్. ఆడోళ్ల జడ కోస్తే ఊరు మీదికొస్తాది" అన్నాడట. "ఊరు మీదికి రాకుండా కొయ్యడమే నేను నేర్చుకునింది నాయనా" అని ఆమె జవాబు. ఈ మాటను ఆమె నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ గర్వంగానే. తాను కోసిన జుట్టు వల్ల ఏ ఇంట్లోనూ తగాదా పుట్టలేదన్నది ఆమెకున్న పెద్ద ఆస్తి. దాన్ని కాపాడుకోవడానికి ఆమె ఎంత దూరమైనా వెళ్లేది. ఎంత దూరం వెళ్లిందో తర్వాత చెబుతాను.

బాబ్ కావాలని వచ్చిన వాళ్లు ఈ మధ్య అందరూ ఫోన్లో బొమ్మ చూపిస్తారు. రత్నక్క ఆ బొమ్మను శ్రద్ధగా చూసేది, కించపరిచేది కాదు. "బాగుండాది. అయితే ఈయమ్మకు ముందర ఫ్యాన్ పెట్టి ఫోటో తీసినారు. నువ్వు సోమందేపల్లి బస్సులో కిటికీ పక్కన కూచుంటావు" అనేది. తర్వాత ఆ మనిషిని కుర్చీలో నుంచి లేపి, గది ఆ చివరి వరకు నడవమనేది. అద్దంలో ముఖం చూసి కోయడం ఆమె పద్ధతి కాదు. "మొగం నీకు కనపడ్తాది. వీపు పక్క ఊరికి కనపడ్తాది" అనేది. మెడ పొడుగు, భుజాల వాలు, నడకలో తల ఎటు ఒరుగుతుందో చూసుకుని అప్పుడు కొలత నిర్ణయించేది. గుండ్రటి ముఖమైతే దవడకు రెండు వేళ్లు కిందికి. పలుచటి జుట్టయితే కొనలన్నీ ఒకే గీతలో, మెట్లు మెట్లుగా కోయకుండా. ఒత్తు జుట్టయితే పైపొర కదిలించకుండా లోపలి బరువు మాత్రం తీసేసేది. ఉంగరాల జుట్టును తడిపి కోయడానికి ఒప్పుకునేది కాదు. "తడిసినప్పుడు బుద్ధిగా పండుకుంటాది, ఆరినంక చెవుల మీదికి ఎగిరి కూచుంటాది" అని ధర్మవరంలో తొలినాళ్లలో తాను ఒక టీచరమ్మ తలను పాడుచేసిన సంగతి చెప్పి తానే నవ్వేది.

భుజాలకు సరిగ్గా ఆనేటంత పొడవు మాత్రం ఎవరికీ ఉంచేది కాదు. భుజం తగిలితే కొనలు బయటికి తిరుగుతాయి, ఇక ఇంట్లో దువ్వెనతో యుద్ధమే. కోత అయ్యాక తల కిందికి వంచి ఒక్కసారి పైకెత్తమనేది. దువ్వెన తగలకుండా వెంట్రుకలు వాటి చోటికి అవి వస్తేనే పని పూర్తయినట్లు. రాకపోతే మళ్లీ కుర్చీలోకే. బోరునీళ్లతో తలంటుకునే ఊరు మనది, జుట్టు పీచులా అవుతుంది. అందుకని తలంటుకున్నాక తువ్వాలతో రుద్దవద్దని, పాత నూలు పంచె చుట్టుకుని, ఆరుతుండగా వేళ్లతో లోపలికి తిప్పుకోమని, కొబ్బరినూనె కొనలకు మాత్రమే రాసుకోమని చెప్పి పంపేది. పాపిట ఎప్పుడూ ఒకేచోట తీస్తే అక్కడ జుట్టు అణిగిపోతుందని, వారానికొకసారి రెండో పక్కకు మార్చమనేది. నేను ఇప్పటికీ మారుస్తున్నాను.

పూల సంగతి వేరే చెప్పాలి. జడ లేకపోతే పూలు ఎక్కడ పెట్టుకోవాలన్న దిగులు మా వైపు ఆడవాళ్లకు చిన్నది కాదు. రత్నక్క నడినెత్తి కింద ఒక పాయను కాస్త పొడుగ్గా వదిలేది. మామూలు రోజుల్లో అది బాబ్‌లో కలిసిపోతుంది. పండగనాడు దాన్ని క్లిప్పుతో పట్టి కనకాంబరాలు గుచ్చుకోవచ్చు. మడకశిర నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ పాయను తడిమి చూసి, "దుడ్లు తీసుకున్నా తీసుకుంటివి గానీ, పూలకు తావు పెట్టినావు తల్లీ" అని మెచ్చుకుంటుంటే నేను అక్కడే ఉన్నాను.

ఇన్ని తెలిసినా ఆమె తొలిరోజే ఎవరి జడా కోయలేదు. జడ వేసి ఉన్న జుట్టును విప్పి, లోపలికి మడిచి, పిన్నులతో బిగించి, కోస్తే ఎక్కడికి వస్తుందో అక్కడికి తెచ్చి నిలబెట్టేది. దానికి ఆమె పెట్టిన పేరు మడత. "ఇట్లే ఇంటికి పో. అత్తకు చూపీ, మొగునికి చూపీ, అద్దంలో నువ్వు చూసుకో. రచ్చ అయితే పిన్నులు తీసేయ్, ఏమీ పోలేదు. కాకపోతే మల్లీ రా" అని పంపేది. వెళ్లి తిరిగిరాని వాళ్లు ఉన్నారు. దాన్ని ఆమె నష్టంగా చూడలేదు. ఒక లెక్చరరమ్మ మడతతో ఇంటికి వెళ్లి, మరునాడు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కుర్చీ చుట్టూ తిరిగి చూసి ఇంకో వేలు పైకి కోయమని తానే సలహా ఇచ్చాడు. ఆయన అటు వెళ్లగానే రత్నక్క, "ఇంగ ఈ తల ఆయప్పదే. నాకు భయం ల్యా" అన్నది.

అత్తగార్లతో వాదించవలసి వస్తే ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. కదిరికో తిరుమలకో పోయి తలనీలాలు ఇచ్చిన ఆడవాళ్లకు ఏడాది తిరిగేసరికి జుట్టు భుజాల దాకా వస్తుంది కదా. "మీ ఊర్లో సగం మంది అట్లే తిరగతాండారు గదమ్మా. మొక్కు తీరి పెరిగితే మంచిది, నేను కోస్తే చెడ్డదా?" అనేది. అత్తగార్లు నవ్వేవారు, సగం ఒప్పుకునేవారు.

ఇదంతా చెబుతున్న ఆమెకు మాత్రం నడుము దాటిన జడ ఉండేది. ఊరందరి జడలూ కోసి నీది మాత్రం పెంచుకున్నావేమక్కా అని ఎవరైనా దెప్పితే, "ఇది అంగడి బోర్డు. జుట్టు పెంచడం తెలిసిందే కోస్తాండాదని మీకు నమ్మకం రావల్ల గదా" అనేది. ఆ జడ మీద ఆమెకు మక్కువ. ఆదివారాలు రామాంజనేయులు మేడ మీద ఎండలో కూర్చోబెట్టి చిక్కులు తీస్తుంటే మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేది.

అనిత వచ్చింది ఆ రోజుల్లోనే. సోమందేపల్లి దగ్గరి ఒక పల్లె పిల్ల. హైవే పక్కన ఒక కంపెనీలో ఉద్యోగం, పెనుకొండలో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి గది. షిఫ్టుకు వెళ్లే ముందు తలంటుకుంటే జడ ఆరేది కాదు, తడి జడను చుట్టి పైన టోపీ పెట్టుకుని పనంతా చేయాలి. మెడ నొప్పి, తలనొప్పి. రత్నక్క నియమం ప్రకారం మడత పెట్టి పంపింది. ఆ వారం సెలవు రోజున అనిత తిరిగివచ్చి, ఇంట్లో అందరికీ నచ్చిందని చెప్పింది. రత్నక్క జడను మొదట్లో దారంతో కట్టి, కోసి, ఎప్పటిలాగే తెల్లగుడ్డలో చుట్టి చేతికిచ్చింది. కోత బాగా కుదిరింది. అనిత అద్దం ముందు నుంచి కదలలేదట.

మరో రెండు రోజులకు అనిత తల్లి గంగమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. అరవలేదు. గుడ్డలో చుట్టిన జడను కుర్చీలో పెట్టి, తాను నేల మీద కూర్చుంది. మేడ మీది నుంచి దిగివస్తున్న నేను అది చూసి ఆగిపోయాను. అనితకు చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చిందట. బతకదన్నారట. బిడ్డ లేస్తే దాని తలనీలాలు కదిరి నరసింహస్వామికి ఇస్తానని గంగమ్మ మొక్కుకుంది. వానలు లేక, చేతిలో లేక, తర్వాత పిల్ల చదువుల్లో పడి అది వాయిదా పడుతూ వచ్చింది. మొక్కిన తల మీద అది తీరేదాకా కత్తెర పడకూడదు. అనితకు ఈ సంగతి సరిగ్గా తెలియనే తెలియదు. మరి మడత చూసి ఇంట్లో నచ్చిందన్నది ఎవరికి? గదిలోని స్నేహితురాళ్లకు. ఆ పిల్లకు ఇల్లంటే అదే.

గంగమ్మ అడిగింది ఒకటే. ఉన్న కాస్త జుట్టూ గుండు చేయించి స్వామికి ఇవ్వాలి. లేకపోతే ఆ జ్వరం మళ్లీ వస్తుందని, బిడ్డ తనకు దక్కదని ఆమె భయం. ఆ భయం ఆమె కళ్లలో ఎంత స్పష్టంగా ఉందో నేను చూశాను. అనిత ససేమిరా అన్నది. నా తల నేను మొక్కలేదు, గుండుతో పనికి పోను అన్నది. ఆ మాటతో తల్లి ఇంకా బెదిరిపోయింది. తప్పు పిల్లది అని చెప్పడానికి రత్నక్కకు అన్ని అవకాశాలూ ఉన్నాయి. ఆమె చెప్పింది ఇది: "ఇంట్లో నచ్చిందా అని అడిగినా. ఎవురింట్లో అని అడగల్యా. కత్తెర నాది."

మరునాడు ముగ్గురూ బస్సెక్కి కదిరి వెళ్లారు. తలనీలాలు తీసేచోట ఉన్న పెద్దాయన వాళ్ల గోడు విని, తెచ్చిన జడను స్వామికి సమర్పించి దండం పెట్టుకుంటే చాలునన్నాడు. గంగమ్మకు మనసొప్పలేదు. సగమే ఇచ్చినట్లవుతుందన్నది. అప్పుడు రత్నక్క చెప్పులు విడిచి వెళ్లి ఆ పెద్దాయన ముందు పీట మీద కూర్చుంది. ఏం చేస్తున్నావని గంగమ్మ కంగారుగా అడిగిందట. "మిగతా సగం" అన్నదట రత్నక్క, జడ విప్పుకుంటూ. ఇది నాకు అనిత చెప్పిన మాట. రత్నక్కను అడిగితే, "ఎండ జాస్తి ఉండె, తల చల్లబడింది" అని దాటేసింది.

తిరిగివచ్చేటప్పుడు గంగమ్మ సోమందేపల్లిలో దిగిపోయింది. భయం తీరిందో లేదో చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి పంటకూ కొత్త వేరుశనక్కాయల సంచి ఒకటి అనిత చేతికిచ్చి పంపేది గానీ, తాను మాత్రం పార్లర్ గడప తొక్కలేదు. అనిత బాబ్ అలాగే ఉంది. రెండు నెలలకోసారి రత్నక్క దగ్గరికే వచ్చేది. తల్లి ఏమంటుందని రత్నక్క ప్రతిసారీ అడిగేది. ఏమీ అనదక్కా అని జవాబు. ఆ జవాబు ఆమెను తొలిచేదని నాకు తెలుసు. తన చేతి మీదుగా ఒక తల్లి గుండెలో దిగిన ముల్లు ఇంకా ఉందో పోయిందో తేలకుండానే ఆమె ఏళ్లు గడిపింది.

కదిరి నుంచి వచ్చిన మరునాడే రత్నక్క పార్లర్ తెరిచింది. గుండు మీద కొంగు కప్పుకోలేదు. జుట్టు అందంగా కత్తిరించే చోట గుండుతో మనిషి నిలబడితే వ్యాపారం ఏమవుతుందోనని రామాంజనేయులు బెంగపడ్డాడు. తొలిరోజు వచ్చిన ఒక అమ్మాయి నవ్వాపుకుంటూ, ఈ మోడల్ పేరేమక్కా అని అడిగింది. "కదిరి కట్. నీకూ చేయల్నా?" అన్నది రత్నక్క. ఆ మాట బజారంతా పాకింది. వ్యాపారం తగ్గలేదు.

ఆ జుట్టు పెరిగి దవడ దాటాక ఒకరోజు ఆమె మేరీని పిలిచి కుర్చీలో కూర్చుంది. అన్నేళ్లు ఊరందరికీ కోసిన బాబ్ అప్పుడు మొదటిసారి తన తలకు వచ్చింది. మెడ మీద చేయి వేసుకుని, "పేపరమ్మా, ఇన్నేండ్లు దీన్ని కండ్లతోనే చూస్తి. ఇంత తేలిగ్గా ఉంటాదని నాకెవురూ చెప్పల్యా" అన్నది నాతో. మళ్లీ జడ పెంచలేదు. పార్లర్ బోర్డు మారిందని నవ్వేది. మారింది ఇంకొకటి కూడా. మడత పెట్టే ముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంది: "మొక్కుండాదా?" కాలేజీ పిల్లనైనా, డాక్టరమ్మనైనా అదే అడిగేది. నాకు తెలియదు అంటే, "అమ్మకు ఫోన్ చెయ్. అవ్వ ఉంటే అవ్వకు" అనేది. కత్తెర బల్ల మీద పెట్టి, ఆ ఫోన్ అయ్యేదాకా వేచి ఉండేది. మంగళవారాలు పార్లర్‌కు సెలవు. ఆ రోజు ధర్మవరం వెళ్లి అక్కడి ఆడపిల్లలకు పని నేర్పేది. కోణాలు, కొలతల కంటే ముందు ఈ ప్రశ్న నేర్పేదని వాళ్లు చెబుతారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి రత్నక్క ఇంటి ముందు వీధి నిండిపోయింది. వచ్చిన ఆడవాళ్లను వెనుక నుంచి చూస్తూ నిలబడ్డాను. మెడల మీద ఆమె చేతిపని కనిపిస్తూనే ఉంది, నెరిసిన జుట్టులోనూ నల్ల జుట్టులోనూ. కాసేపటికి అనిత వచ్చింది, వెంట గంగమ్మ. గంగమ్మ లోపలికి వెళ్లి రత్నక్క కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చి, ఏడుస్తున్న మేరీ దగ్గరికి నేరుగా వెళ్లి, అంగడి ఎప్పుడు తీస్తావని అడిగింది. మేరీకి అర్థం కాలేదు. దినాలు అయినాక అన్నది.

కర్మ ముగిసిన మరునాడు నేను మెట్ల దగ్గరికి వెళ్లేసరికే గంగమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. నూనె రాసి గట్టిగా అల్లిన నెరిసిన జడ. అనిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దున్నే తొలి బస్సుకు తల్లే తనను లేపి తీసుకొచ్చిందని నాకు గొణిగింది. మేరీ మడత పెడతానంటే గంగమ్మ వద్దన్నది. ఇంట్లో చెప్పే వచ్చినానన్నది. మేరీ కత్తెర తీసుకుంది. తన గురువు అడిగినట్లే అడిగింది.

"మొక్కుండాదా అమ్మా?"

గంగమ్మ అద్దంలో తనను తాను చూసుకుంది. "ఉండె. ఆయమ్మ తీర్చింది. ఆ పొద్దే తీరిపోయ" అన్నది. "వచ్చి చెప్దామనే అనుకుంటాంటి" అన్నది. "కొయ్యి."

మేరీ కోసింది. చక్కగా కోసింది. ఈ చేతులు ఆ పనిని నిలబెడతాయి, అందులో నాకు సందేహం లేదు. హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో బాబ్ కోసేవాళ్లకు ఇక కొరత ఉండదు. ఇంకొకరి తల మీద తన చేయి చేసిన పనికి తన తలనే ఒడ్డగలిగిన మనిషి కోసం మాత్రం ఈ మూడు ఊళ్లూ వెతకాలి. దొరకదని తెలిసే వెతకాలి. గంగమ్మ చెప్పిన ఆ మాట వినడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసిన నాగరత్నమ్మ తప్ప, ఆ ఉదయం ఆ గదిలో దాన్ని అందరం విన్నాం. ఆమె తరఫున విన్నానని ఇక్కడ రాసి, ఆమెకు నమస్కరిస్తున్నాను.